03233 నంబరు తాబేలు: ఐదో తరగతి చేత వెతికించడం, ఉత్తరం రాయించడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు రాజోలు వైపు ఒక మండల పరిషత్ బడిలో ఐదో తరగతి చెబుతున్నారు. నిజంగా జరిగిన ఒక జంతువు కథ చెప్పి, దాని మీద పిల్లల చేత సమాచారం వెతికించి, ఆఖరికి ఒక ఉత్తరం రాయించాలని మీ ఆలోచన. వెతకమంటే ఫోన్‌లో మొదట కనబడింది ఎక్కించుకొస్తున్నారు. ఉత్తరం రాయమంటే సెలవు చీటీలాగే రాసిస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఉత్తరాన్ని అన్నిటికన్నా చివర పెట్టండి. పిల్లలు ఇంట్లో అడిగి, పుస్తకంలో చూసి, ఫోన్‌లో వెతికి, అయినా దొరకని ప్రశ్న ఒకటి మిగలాలి. ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లకే రాయించాలి. అలాంటి ప్రశ్న మిగలకపోతే ఆ ఏడాది ఉత్తరం రాయించకపోయినా నష్టం లేదు. కథ ఎంచుకునేటప్పుడు కూడా ఇదే చూసుకోండి. అన్నీ తెలిసిపోయిన కథ వద్దు, మధ్యలో తెలియని ముక్క ఉన్న కథ కావాలి.

నేను కోనసీమ సముద్రతీర మండలాల్లో ఇరవై మూడేళ్లుగా చిన్న తరగతులే చెబుతున్నాను. ఈ సంగతి నాకు మొదటి ప్రయత్నంలోనే తెలియలేదు. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసుకి ముప్పైనాలుగు ఉత్తరాలు రాయించాను. బోర్డు మీద నేను రాసిన మాటర్నే అందరూ దించారు: "తమరు దయతో సముద్రపు తాబేళ్ల గురించి పూర్తి వివరములు పంపగలరని ప్రార్థన." ఒక్క జవాబూ రాలేదు. పిల్లలు రోజూ పోస్టుమేన్ సైకిల్ వెనకాల పరిగెత్తారు. నాకు ఆ ఆఫీసు మీద పీకలదాకా కోపం. తరవాతెప్పుడో బీరువా సర్దుతుంటే దాంట్లో ఒక ఉత్తరం నకలు దొరికింది. చదివితే, నేనే ఆ కుర్చీలో ఉన్నా జవాబు రాసి ఉండేవాణ్ని కాదనిపించింది. "పూర్తి వివరములు" అంటే ఏం పంపాలి, పుస్తకమా?

ఇక కథ సంగతి. పోయిన ఏడు నేను వాడిన కథ మీకు బాగా సరిపోతుంది, తీరం పిల్లలు కాబట్టి. 2021 మార్చి 18న ఒడిశాలోని గహిర్‌మాత తీరంలో ఆలివ్ రిడ్లే అనే జాతి సముద్రపు తాబేలు ఒకటి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చినప్పుడు, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు దాని ముందు రెక్కకి చిన్న లోహపు ట్యాగు వేశారు. దాని మీది నంబరు 03233. 2025 జనవరి 27న మహారాష్ట్రలో, రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో అదే తాబేలు మళ్లీ కనబడింది. అక్కడ 120 గుడ్లు పెట్టింది. వాటిలోంచి 107 పిల్లలు వచ్చాయి. బంగాళాఖాతం ఒడ్డున గుడ్లు పెట్టిన తాబేలు అరేబియా సముద్రం ఒడ్డునా పెడుతుందని అలా తెలిసింది. ప్రయాణం సుమారు 3,500 కిలోమీటర్లని పత్రికల్లో వచ్చింది.

దీన్ని నేను ఒక్కసారిగా చెప్పలేదు. మొదటి రోజు బోర్డు మీద 03233 అని రాసి, "ఇదేమిటో చెప్పండి" అన్నాను. ఫోన్ నంబరన్నారు. బస్సు నంబరన్నారు. ఒకడు పిన్ కోడ్ అన్నాడు. పిన్ కోడ్‌కి ఆరంకెలుండాలి కదా అని పక్కమ్మాయి అంది. మంచి సందు దొరికింది. మన వైపు పిన్ కోడ్‌లు 533తో మొదలవుతాయనీ, మన దేశంలో ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న వచ్చిందనీ అక్కడే చెప్పేశాను. నంబరు చూస్తే ఉత్తరం ఏ ఊరు చేరాలో తెలుస్తుంది. తాబేలు రెక్క మీద నంబరు చూస్తే అది ఏ ఊళ్లో బయల్దేరిందో తెలుస్తుంది. ఆ పోలిక వాళ్లకి గట్టిగా పట్టుకుంది, తరవాత కవరు మీద పిన్ కోడ్ వదిలేసినవాడు ఒక్కడూ లేడు.

రెండో రోజు ఒడిశా సగం చెప్పి ఆపేశాను. మూడో రోజు మహారాష్ట్ర సగం. మధ్యలో మూడేళ్ల పది నెలలు అది ఎక్కడ తిరిగిందో చెప్పలేదు. చెప్పడానికి ఎవరికీ తెలియదు. ట్యాగు అంటే రేకుముక్క. దాంట్లో బ్యాటరీ ఉండదు, సిగ్నల్ రాదు. ఎవరైనా చూసి నంబరు చదివితేనే కబురు. నేనన్న తెలియని ముక్క ఇదే.

పిల్లల ప్రశ్నలన్నీ చార్టు మీద రాయించాను. నలభై దాకా వచ్చాయి. ఇక్కడ తొందరపడకండి, నాకైతే రెండు పీరియడ్లు పట్టింది. ప్రతి ప్రశ్న దగ్గరా ఒకటే మాట అడగాలి: "ఇది ఎవరికి తెలిసుంటుంది?" తాతకి తెలిసేవి ఒక వైపు. పుస్తకంలో, ఫోన్‌లో దొరికేవి ఒక వైపు. మిగతావి ఇంకో వైపు. "తాబేలు ఎన్ని గుడ్లు పెడుతుంది" లాంటివి పుస్తకం వైపు పోయాయి. "మన ఒడ్డుకి ఏ నెలలో వస్తుంది" తాత వైపు. "దానికి ఇంటి మీద బెంగ ఉంటుందా" అని ఒక పిల్ల అడిగింది. అది ఎటూ పడలేదు. చెరిపెయ్యకుండా అలాగే ఉంచాను.

అన్నిటికన్నా బాగా పండింది దారం పని. గోడకి భారతదేశం మ్యాపు తగిలించి, నాలుగు జట్లకి తలా ఒక దారం ముక్క ఇచ్చి, గహిర్‌మాత నుంచి గుహాగర్‌కి తాబేలు దారి పెట్టమన్నాను. ఒక జట్టు తిన్నగా లాగేసింది, బస్తర్ మీదా నిజామాబాద్ మీదా. క్లాసంతా ఘొల్లున నవ్వింది. కొలిస్తే 1,500 దాకా వచ్చింది. రెండో జట్టు రామేశ్వరం దగ్గర పంబన్ సందులోంచి దూర్చింది. మూడు వేలకి కాస్త అటూ ఇటూ. మిగతా రెండు జట్లు శ్రీలంకని చుట్టేశాయి. మూడున్నర వేలు వచ్చింది. పేపర్లో 3,500 అని ఉంది కాబట్టి తాబేలు శ్రీలంక చుట్టూ వెళ్లిందని అందరూ తేల్చేశారు. నేనూ సంతోషించి ఊరుకోబోయాను. అప్పుడు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడొకడు, "ట్యాగుకి బ్యాటరీ లేదన్నారు కదండి మాస్టారూ, మరి 3,500 అని ఎవరు కొలిచారండి?" అన్నాడు.

ఎవరో మనలాగే మ్యాపు మీద కొలిచి ఉండాలి. అంటే మన దారాన్ని ఇంకొకరి దారంతో సరిచూసి, చూశారా నిజమే అనుకున్నాం. నాకు బి.ఇడిలో ఎవరూ చెప్పని పాఠం అది.

ఆ రోజు నుంచి నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయించాను: చూసింది, విన్నది, చదివింది, అనుకున్నది. ప్రతి సంగతీ ఏదో ఒక గడిలో పడాలి. "తాబేలు మన అంతర్వేది ముందు నుంచే వెళ్లింది" అని చాలామంది రాశారు. అది అనుకున్నది గడిలోకి పోవాలి. వెళ్లి ఉండొచ్చు. "వెళ్లింది"కీ "వెళ్లి ఉండొచ్చు"కీ తేడా ఐదో తరగతి పిల్లలకి అర్థం కాదనుకోకండి. వాళ్లింట్లో రోజూ వినే తేడానే అది. "నాన్న వేట నుంచి వచ్చేశాడు" అనడానికీ, "ఈపాటికి వచ్చేసుంటాడు" అనడానికీ మధ్య ఎంత దూరమో వాళ్లకి మనకన్నా బాగా తెలుసు.

పెద్దల్ని అడగడం గురించి. "మీ తాతగారిని అడిగి రండి" అంటే ఉత్త చేతులతో వస్తారు. ఒక్కొక్కరికి రెండు ప్రశ్నలు కాగితం మీద రాయించి పంపండి, జవాబు తాత అన్న మాటల్లోనే రాయమనండి. మా క్లాసులో ఒక పిల్ల తెచ్చింది ఇలా ఉంది: "మాఘమాసంలో రాత్రేళ ఒడ్డుకొచ్చేయండి. ఇసకలో గొయ్యి తీసి గుడ్లెట్టేసి, ఇసక కప్పేసి, ఒళ్లు అటూ ఇటూ కొట్టి సదును చేసేసి పోయేయండి." ఒళ్లు కొట్టడమేమిటని పిల్లలు నమ్మలేదు. పుస్తకంలో చూస్తే నిజమే. రిడ్లే తాబేళ్లు గుంట పూడ్చాక డొప్పతో ఇసుకని దిమ్మిసా కొట్టినట్టు కొడతాయి. తాత చూసింది, మనం చదివింది ఒకటయ్యాయి. ఆ పిల్ల వారం రోజులు తలెత్తుకు తిరిగింది. తాత మాటల్ని పుస్తకభాషలోకి దిద్దకండి, దయచేసి. దిద్దితే "విన్నది" గడికి విలువ పోతుంది.

ఫోన్ విషయానికొస్తే, అసలు చిక్కు పిల్లల బద్ధకంలో లేదు, మనం ఇచ్చే మాటలో ఉంది. "తాబేలు" అని వెతికితే చెరువు తాబేలు, నక్షత్ర తాబేలు, కుందేలుతో పందెం వేసిన తాబేలు, అన్నీ వస్తాయి. మాకు ఒక పిల్లాడు శ్రీకూర్మం గుళ్లో పెంచే నక్షత్ర తాబేళ్ల ఫొటోలు పట్టుకొచ్చి, ఇవే గుహాగర్ వెళ్లాయన్నాడు. తెలుగులో నేలదానికీ నీటిదానికీ ఒకటే మాట కాబట్టి వాడి తప్పేం లేదు. ముందు రోజు క్లాసులోనే మూడు నాలుగు వెతుకుడు మాటలు తయారు చేసుకోండి: ఆలివ్ రిడ్లే, గహిర్‌మాత, గుహాగర్, ట్యాగు. ఇప్పుడు ఫోన్ని ప్రశ్న అడిగితే చక్కటి తెలుగులో జవాబు కూడా చెప్పేస్తోంది. అడగనివ్వండి. ఇంకో రెండు చోట్ల అదే మాట కనబడేదాకా దాన్ని "అనుకున్నది" గడిలోనే ఉంచమనండి. ఒక జాడ మీరే ఇవ్వొచ్చు. 2023 ఫిబ్రవరిలో గుహాగర్ నుంచి ఉపగ్రహ ట్యాగుతో వదిలిన బాగేశ్రీ అనే తాబేలు శ్రీలంకని చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. అది ఉపగ్రహం చూసిన దారి. 03233 కూడా అలాగే వెళ్లిందని దానివల్ల రుజువు కాదు గానీ, శ్రీలంక జట్లకి బలం వచ్చింది.

ఒక హెచ్చరిక. మన తీరంలో ఈ కథ చెబితే చచ్చిన తాబేళ్ల మాట రాకుండా ఉండదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒడ్డున పడి ఉన్నవాటిని పిల్లలు చూస్తూనే ఉంటారు. తాబేలు చేప కాదు, గాలి పీల్చడానికి పైకి రావాలి, వలలో ఎక్కువసేపు చిక్కుకుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. చెప్పాలి, దాచకూడదు. చెప్పేటప్పుడు మాత్రం చూసుకోండి. నా క్లాసులో సగం మంది నాన్నలు బోటు మీద పనికెళ్లేవాళ్లే. ఒకసారి చర్చ వేడెక్కి, ఒకమ్మాయి ఇంకో అబ్బాయితో "మీ నాన్నే చంపేశాడు" అనేసింది. వాడు రెండు రోజులు బడికి రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లి తీసుకురావలసి వచ్చింది. వాళ్ల నాన్న చాపేసి కూర్చోబెట్టి, వలలోంచి తాబేలు బయటపడే ఏర్పాటు ఒకటి ఉంటుందనీ, దాన్ని టెడ్ అంటారనీ, అది కడితే చేప కూడా పోతుందని కొందరి భయమనీ ఓపిగ్గా చెప్పాడు. మర్నాడు బడికొచ్చి పిల్లలకీ చెప్పమన్నాను. వచ్చాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఎందుకు ఆపుతారో కూడా ఆయన నోటనే విన్నారు.

అందుకని మొదటి ఉత్తరం ఫిర్యాదు కాకూడదు. కలెక్టరుగారికి రాసేద్దాం, బోట్లు ఆపించేద్దాం అని పిల్లలు ఊగిపోతారు. పెద్దయ్యాక రాసుకుంటారు. ఇప్పుడు నేర్వవలసింది అడగడం. ఇంకొకటి, గుడ్లున్న చోటికి పిల్లల్ని పంపకండి, తవ్వనివ్వకండి. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని పట్టుకున్నా, గుడ్లు కదిపినా నేరం కిందకి వస్తుంది.

ఇప్పుడు ఉత్తరం. చార్టు మీద నలభైలో మిగిలినవి మూడే ప్రశ్నలు. ఓటు వేసి ఒకటి ఎంచుకున్నారు. తరగతి మొత్తానికి ఒకే ఉత్తరం. ముప్పై ఉత్తరాలు పంపితే అవతలివాళ్లకి ముప్పై పనులు. మేం పంపింది దాదాపు ఇలా ఉంది:

"గౌరవనీయులైన అటవీ అధికారి గారికి నమస్కారం. మేము ఐదో తరగతి పిల్లలం, 27 మందిమి. మా ఊరు సముద్రానికి రెండు కిలోమీటర్లు. 2021లో ఒడిశాలో ట్యాగు వేసిన 03233 తాబేలు 2025లో మహారాష్ట్రలో గుడ్లు పెట్టిందని చదివాము. అది మన తీరం ముందు నుంచి వెళ్లి ఉండొచ్చని మేము అనుకుంటున్నాము. మా ఊళ్లో ఆరుగురు పెద్దవాళ్లని అడిగాము. రెక్కకి నంబరు ఉన్న తాబేలుని వాళ్లెవరూ చూడలేదు. మన జిల్లా తీరంలో ఎప్పుడైనా అలాంటిది కనబడిందా? కనబడితే ఏ నెలలో? మీకు వీలైనప్పుడు రెండు ముక్కలు రాయగలరు. జవాబు కోసం కవరు పెట్టాము."

చూడండి, ఎవరం, ఏం తెలుసుకున్నాం, ఏం దొరకలేదు, ఏం కావాలి. అంతే. "తమరి పాదపద్మములకు", "విధేయతతో విన్నవించుకొనునది" లాంటివి నేను తీయించేశాను. అదే, చుట్టానికి రాసే కార్డులో "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని రాయడం మాత్రం నేర్పాను. ఆ వాక్యం ఈ పిల్లల ఇళ్లలో ఎవరూ రాయక ఇరవై ఏళ్లయి ఉంటుంది. తాతలకి తలా ఒక అర్ధరూపాయి కార్డు మీద ధన్యవాదాలు రాయించాం. పక్క వీధిలో తాతకి కార్డెందుకని ఒకడు గొణిగాడు గానీ, కార్డు అందిన రోజు వాళ్లింట్లో దాన్ని దేవుడి పటం పక్కన పెట్టారట.

చిన్నచిన్న సంగతులు కొన్ని. కవర్లో మీ చిరునామా రాసి, ఐదు రూపాయల స్టాంపు అంటించిన ఇంకో కవరు మడిచి పెట్టండి. మన రాష్ట్రం దాటి రాస్తే తెలుగు ఉత్తరంతో పాటు నాలుగు లైన్ల ఇంగ్లీషు ముక్క మీరు రాసి జతచేయండి, పిల్లల తెలుగు మాత్రం తీసెయ్యకండి. జిల్లా పేరు దగ్గర సగం మంది ఇంకా తూర్పుగోదావరి అనే రాస్తారు, ఇంట్లో ఆధార్ కార్డుల మీద అదే ఉంటుంది. కోనసీమ జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న అని ఒకసారి చెప్పండి. మార్కుల గురించి అడిగారు. ఉత్తరానికి నేను మార్కులు వేయను, నాలుగు గళ్ల నోటుబుక్కుకి వేస్తాను. పని డిసెంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరి మొదటివారానికల్లా పోస్టు చేసెయ్యండి. తరవాత పరీక్షల టెన్షన్‌లో ఏదీ సాగదు.

జవాబు వస్తుందా అంటే, ప్రతిసారీ రాదు. రాకపోతే నెల తరవాత "మా ఉత్తరం అందిందో లేదో" అని ఒక కార్డు రాయించండి, అదీ ఒక పాఠమే. నాకు బాగా గుర్తున్న జవాబు 03233 కన్నా చాలా ముందుది. గుడ్లలోంచి వచ్చేది ఆడదో మగదో ఇసుక వేడిని బట్టి ఉంటుందని పిల్లలు చదివారు. ఇసుక బాగా వేడెక్కితే ఆడవి ఎక్కువట. అయితే గుడ్లు తెచ్చి దాచే చోట ఎండ తగలకుండా ఏం చేస్తారని రాశారు. మూడు వారాలకి అటవీశాఖ సిబ్బందిలో ఒకాయన బైకు మీద బడికే వచ్చేశారు. జేబులోంచి మా ఉత్తరం తీసి, "రాయడం నాకు పెద్దగా రాదండి, చెప్పిపోదామని వచ్చాను" అన్నారు. బడి ముందు ఇసుకలో పుల్లతో గీసి చూపించారు. చుట్టూ వెదురు దడి, పైన వల, ఒక్కో గుంట దగ్గర ఒక్కో చిన్న పలక, దాని మీద తేదీ, గుడ్ల లెక్క. పిల్లలు నోటుబుక్కులు తెరిచి కూర్చున్నారు. ఆయన "పిల్లలు బయటికి రావడానికి యాభై రోజుల దాకా పడుతుంది" అన్నారు. వెనక బెంచీ నుంచి "మీరు చూశారాండి, విన్నారాండి?" అని వచ్చింది. ఆయన ఒక్క క్షణం ఆగి, చూశానని చెప్పారు. అన్నీ చూడలేదు, నాలుగు గుంటలు మాత్రం దగ్గరుండి చూశానన్నారు. నాలుగు అని రాసుకున్నారు.

ఆయనకి వెంటనే తిరుగు ఉత్తరం రాయించాల్సింది. పరీక్షల్లో పడి మర్చిపోయాను. జూన్‌లో బడి తెరిచాక, అప్పటికి ఆరో తరగతికి వెళ్లిపోయిన పిల్లల్ని ఒక మధ్యాహ్నం పిలిపించి రాయించి పంపితే, ఆయనకి బదిలీ అయిందని కవరు తిరిగొచ్చింది. మీరు మాత్రం జవాబొచ్చిన వారంలోపే పోస్టు చేయించండి.